ఉద్దానంలో జాబితాల వెంట: తిత్లీ తరువాత కొన్ని రోజులు

పలాస – కాశీబుగ్గ, 2018 నవంబరు 21, బుధవారం

తిత్లీ తుఫాను అక్టోబరు 11 తెల్లవారుజామున పలాసకు సమీపాన తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో, మధ్య మధ్య 165 దాకా ఎగసిన గాలి, శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతమైన ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. నేను పలాసలో దిగేనాటికి ఆరు వారాలు కావస్తోంది. కరెంటు తిరిగి వచ్చింది, జాతీయ రహదారి మీద లారీలు మామూలుగా తిరుగుతున్నాయి, కాశీబుగ్గ బజారులో జీడిపప్పు దుకాణాలు తెరిచే ఉన్నాయి. రోడ్డు మీద నుంచి చూసి వెళ్ళిపోయేవారికి ఇక్కడ పని అయిపోయిందనే అనిపిస్తుంది. బియ్యం, దుప్పట్లు, టార్పాలిన్లు తెచ్చిన బృందాలు కూడా చాలావరకు వెళ్ళిపోయాయి. ఆ తరువాత మొదలయ్యే పనిలో చేతనైనంత సాయపడదామని నేను వచ్చాను.

ఈ ప్రాంతంలో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్న ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ, అర్జీలు రాయగలిగినవారు, రికార్డులు సరిచూడగలిగినవారు కొద్ది రోజులు వచ్చి తోడుండాలని తెలిసినవారందరికీ కబురు పెట్టింది. దాన్ని నడిపే ఆమెను ఊళ్ళలో చిన్నా పెద్దా అందరూ ‘అప్ప’ అనే పిలుస్తారు. నేనూ అలాగే పిలిచాను. తిరిగి వెళ్ళాక దీని గురించి రాస్తానని చెప్పినప్పుడు ఆమె ఒకే ఒక్క షరతు పెట్టింది. పరిహారం ఇంకా తేలని చోట ఎవరి పేరు బయటికి వచ్చినా రేపు ఇబ్బంది పడేది వాళ్ళే కాబట్టి, మనుషుల పేర్లు గాని పల్లెల పేర్లు గాని రాయకూడదు. అందుకే ఈ కథనంలో మండలాల పేర్లు మాత్రమే ఉంటాయి.

సంస్థ కార్యాలయం ఒక మందుల దుకాణం మీద రెండు గదులు. ఒక గోడ నిండా చార్టు కాగితాలు అంటించి ఉన్నాయి. ఒక్కో పల్లెకు ఒక్కో కాగితం. అందులో రెండు వరుసలు: ప్రభుత్వ జాబితాలో ఉన్న పేర్లు, ఊరివాళ్ళు ఇంటింటికీ తిరిగి రాసుకున్న పేర్లు. రెండో వరుసలో ఉండి మొదటి వరుసలో లేని పేరు కింద ఎర్ర గీత. ఈ సంస్థ ఇప్పుడు చేస్తున్న పని అంతా ఆ ఎర్ర గీతలను ఒక్కొక్కటిగా తీసేయించడమే.

మధ్యాహ్నం ఒక మెస్సులో తిన్నాము. భోజనం 70 రూపాయలు. కార్తీక మాసం కావడంతో ఆనపకాయ కూర, పప్పుచారు, వంకాయ పచ్చడి. ఉద్దానంలో భోజనమంటే కొబ్బరి లేకుండా ఉండదనుకున్నాను, ఆ పూట విస్తరిలో కొబ్బరి లేదు. తుఫాను అయిన కొత్తలో రాలిన కాయలను వ్యాపారులు అడిగిన ధరకే వదిలేసుకున్నారనీ, ఇప్పుడు కాయ కొనాలంటే భయమేస్తోందనీ వడ్డించే ఆమె చెప్పింది.

సాయంత్రం జీడి పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్ళు ఉండే వీధికి వెళ్ళాము. పిక్కలు కొట్టి పప్పు వొలిచే పని వాళ్ళది. పెంకులోని జీడినూనె అంటి చాలామంది వేళ్ళ చివరలు నల్లబడిపోయాయి. చేతులకు బూడిద రాసుకున్నా చర్మం ఊడుతూనే ఉంటుందట. తుఫానుకు కొన్ని పరిశ్రమల పైకప్పు రేకులు ఎగిరిపోయాయి, కరెంటు లేక మిగిలినవీ ఆగిపోయాయి, కొన్ని వారాలు కూలి లేదు. వాళ్ళలో తోట ఉన్నవారు లేరు, పడవ ఉన్నవారు లేరు, చాలామందికి ఇల్లు కూడా అద్దెదే. నష్టం రాసుకునే ఫారంలో చెట్టుకు గడి ఉంది, పశువుకు ఉంది, ఇంటికి ఉంది, పోయిన పనిదినాలకు మాత్రం లేదు. లేని గడి కోసం పోట్లాడడం కంటే, ఉన్న దారిలో అడగదగినది వెతకడం మంచిదని అప్ప అభిప్రాయం. పొదుపు సంఘాల అప్పు వాయిదాలను కొన్ని నెలలు వెనక్కి జరపమని, ప్రైవేటు ఫైనాన్సు కంపెనీల వారవారీ వసూళ్ళను ఆపించమని ఆ వీధి తరఫున అర్జీ సిద్ధమవుతోంది. “పరిహారం అడగడానికి వీలు లేకపోతే గడువు అడుగుతాం. గడువు కూడా డబ్బే కదా బాబూ” అంది వాళ్ళలో పెద్దావిడ. అర్జీలో ఆ మాటను అలాగే రాశాను.

వజ్రపుకొత్తూరు మండలం, నవంబరు 22, గురువారం

పొద్దున్నే షేర్ ఆటోలో బయలుదేరాము. మనిషికి 20 రూపాయలు. సగం దారిలో కొబ్బరి మొద్దులు ఎత్తే యంత్రం రోడ్డుకు అడ్డంగా ఉండడంతో, డ్రైవరు తోటల మధ్య ఇసుక బాట పట్టించాడు. ఎటు చూసినా పడిన చెట్లే. వేర్లతో సహా ఒరిగినవి కొన్ని, నడుముకు విరిగినవి కొన్ని, తల తెగి నిలబడినవి మరికొన్ని. గుర్తులన్నీ పోవడంతో ఆ ప్రాంతంలో పుట్టి పెరిగిన డ్రైవరే దారి తప్పి, మేము వెళ్ళవలసిన పల్లెకు బదులు ఇంకొక చిన్న వాడ ముందు ఆటో ఆపాడు.

ఆటో శబ్దానికి ఒక ముసలామె బయటికి వచ్చింది. “లెక్కకొచ్చినారా బాబూ?” అని అడిగి, సమాధానం వినకుండానే లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చింది. ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, చనిపోయిన భర్త పేరున ఉన్న పట్టాదారు పాసు పుస్తకం. ఎవరు వచ్చి అడుగుతారో తెలియక ఆ సంచిని గుమ్మం పక్కనే మేకుకు తగిలించి ఉంచుతోందట. మేము అధికారులం కాదని అప్ప నెమ్మదిగా చెప్పింది. అయినా కూర్చోబెట్టి కాగితాలన్నీ చూసింది. భర్త పోయి నాలుగేళ్ళయినా భూమి ఆమె పేరుకు మారలేదు. పరిహారం ఆయన పేరున మంజూరైతే బ్యాంకులో జమ కావడానికి ఖాతా ఉండదు. వారసత్వ మ్యుటేషన్‌కు ఏమేమి కావాలో ఒక కాగితం మీద రాసి ఆ సంచిలోనే పెట్టి, ఆమె మనవడిని పిలిచి చదివించి, అర్థమయిందని నమ్మకం కలిగాకే లేచింది. అనుకోకుండా ఆగిన చోట గంటన్నర గడిచింది. ఆ వాడ అప్ప జాబితాల్లో అప్పటిదాకా లేదు. అటువంటి వాడలు ఇంకెన్ని ఉన్నాయోనన్న ఆలోచన ఆ రోజంతా నన్ను వదలలేదు.

చేరవలసిన పల్లెకు చేరేసరికి ఎండ ఎక్కింది. ఇక్కడి మర్యాద ఒకటి చెప్పాలి. వచ్చినవారిని ముందు కూర్చోబెడతారు, నీళ్ళు ఇస్తారు, అవి తాగేదాకా పని మాట ఎత్తరు. ఆ నీళ్ళు కూడా బావివి కావు, కొనుక్కున్న క్యానువి. కారణం ఇదమిత్థమని తేలని మూత్రపిండాల జబ్బు ఉద్దానాన్ని చాలా ఏళ్ళుగా తినేస్తోంది. ఇంట్లోవాళ్ళు ఏ నీళ్ళు తాగినా అతిథికి మాత్రం క్యాను నీళ్ళే పోస్తారు. తుఫాను తరువాత కరెంటు లేని రోజుల్లో శుద్ధి ప్లాంట్లు ఆగిపోయి, ఆ క్యాను కోసమే జనం మైళ్ళు నడిచారట. డయాలసిస్ కోసం పలాసకో సోంపేటకో వెళ్ళవలసిన రోగులను, పడిన చెట్ల మీదుగా మంచాల మీద మోసుకెళ్ళారట. ఆ ఊళ్ళో అటువంటి రోగుల పేర్లు, ఎవరు ఏ రోజున డయాలసిస్‌కు వెళ్ళాలో ఒక యువకుడు నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాడు. మళ్ళీ తుఫాను హెచ్చరిక వస్తే ముందు రోజే వీళ్ళను ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చాలని మండలాధికారులను లిఖితపూర్వకంగా కోరబోతున్నాడు. నేను చూసిన అర్జీలన్నింటిలో జరగబోయే దాని గురించి రాసింది అదొక్కటే.

తరువాత తోటలోకి వెళ్ళాము. అరవై దాటిన రైతు, తన ఎకరంన్నర తోటను చెట్టు చెట్టుకూ తిప్పి చూపించాడు. పడిన కొబ్బరి చెట్టుకు ప్రభుత్వం 1,500 రూపాయలు ఇస్తోంది, జీడితోటకు హెక్టారుకు 30,000. ఆయన లెక్క వేరు. ఒక చెట్టుకు ఏడాదికి అరవై డెబ్బై కాయలు దిగుతాయి, కాయకు పది రూపాయలు వేసుకున్నా 1,500 అంటే రెండేళ్ళ పైచిలుకు ఫలసాయం. ఈ రోజు నాటిన దేశవాళీ మొక్క ఆరేడేళ్ళకు గాని కాపుకు రాదు. మధ్యలోని ఆ నాలుగేళ్ళు ఇంటిల్లిపాది ఏమి తినాలన్నది ఆయన ప్రశ్న. అదీగాక, పడిన మొద్దును నరికించి బయట పారేయించే కూలి ఆ 1,500 లోంచే పోవాలి.

ఆయన మమ్మల్ని తీసుకెళ్ళింది అసలు పడిన చెట్ల దగ్గరికి కాదు, నిలబడిన వాటి దగ్గరికి. గాలి మెలితిప్పినప్పుడు చెట్టు పడకపోయినా మొవ్వు, అంటే తల నడిమి లేత చిగురు, దెబ్బతింటుంది. కొబ్బరి చెట్టుకు ప్రాణం ఆ మొవ్వే, అది కుళ్ళితే చెట్టుకు ఇంకొక కొమ్మ రాదు. “లెక్కకొచ్చిన నాడు ఆకు పచ్చగానే ఉన్నాది, నిలబడి ఉన్నాది గదా అని రాసుకోనేదు. ఇప్పుడు సూడండి” అని ఒక చెట్టు తల చూపించాడు. నడిమి ఆకు గోధుమరంగుకు తిరిగి వేలాడుతోంది. ఆయన తోటలో పడినవిగా రాసినవి నలభై, మొవ్వు పోయి చస్తున్నవి ఇంకొక ఇరవై రెండు. నష్టం నమోదుకు ఒక గడువు పెట్టడం ఏ ప్రభుత్వానికైనా తప్పదు, అది నాకు అర్థమవుతుంది. అయితే చెట్టు ఆ గడువు చూసుకుని చావదు. నమోదు రెండు విడతలుగా జరగాలనీ, రెండోది కనీసం మూడు నెలల తరువాత ఉండాలనీ సంస్థ కోరుతోంది. ఉద్దానం మొత్తం మీద ఇప్పుడు వినిపించవలసిన కోరిక ఏదైనా ఉంటే అది ఇదేనని నేను నమ్ముతున్నాను.

మధ్యాహ్నం ఆ రైతు ఇంట్లో చోడి అంబలి, ఉల్లిపాయ, వేయించిన ఎండుమిరపకాయలు. తిన్నాక, వద్దంటున్నా వినకుండా, పక్క తోటలో మిగిలిన ఒకే ఒక మంచి చెట్టు నుంచి బోండాలు దింపించాడు. వాటికి డబ్బు ఇవ్వబోతే అప్ప నా చెయ్యి పట్టుకుని ఆపింది.

కౌలుదార్ల సంగతి ఆ సాయంత్రం తెలిసింది. ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే ఊరి రికార్డు అడంగల్. అడంగల్‌లో పట్టాదారు పేరుతో పాటు అనుభవదారు, అంటే సాగు చేసేవారి, పేరు రాయడానికి ఒక గడి ఉంటుంది. ఆ పల్లెలో మూడో వంతు తోటలను కౌలుకు చేసేవారు చూస్తుండగా, నేను తిరగేసిన నకళ్ళలో ఆ గడిలో ఒక్క కౌలుదారు పేరూ కనబడలేదు, పట్టాదారు పేరే మళ్ళీ రాసి ఉంది. కౌలు రైతులకు గుర్తింపు కార్డు ఇవ్వాలని 2011లోనే చట్టం వచ్చింది. కాని కార్డు తీసుకుంటే తోట ఎక్కడ చేజారుతుందోనని యజమాని భయపడతాడు, యజమాని కోపగిస్తే వచ్చే ఏడు తోట ఇవ్వడని కౌలుదారు భయపడతాడు. యజమానులు కొందరు విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉన్నారు. వాళ్ళకు ఒక్కొక్కరికి ఫోను చేసి, వచ్చే పరిహారంలో ఎంత వంతు కౌలుదారుకు ఇస్తారో ఒప్పించి, ఆ ఒప్పందాన్ని పెద్దమనుషుల సంతకాలతో కాగితం మీద పెట్టించే పని సంస్థ చేస్తోంది. దానికి చట్టబలం ఏమీ లేదు. అయినా ఇద్దరు యజమానులు నా ఎదుటే ఫోనులో సరేనన్నారు. ఒకాయనైతే మొత్తం కౌలుదారుకే ఇమ్మన్నాడు.

సముద్రపు ఒడ్డు, నవంబరు 23, శుక్రవారం

మత్స్యకారుల పల్లెలో పని చాలావరకు వలల గురించే. 2018లో అమలులో ఉన్న కేంద్ర విపత్తు సహాయ ప్రమాణాల ప్రకారం పూర్తిగా పోయిన పడవకు 9,600 రూపాయలు, పూర్తిగా పోయిన వలకు 2,600. రాష్ట్రం దీనికి పైన తన వంతు కలపవచ్చు. వలకు ఈ డబ్బు ఎంతవరకు వస్తుందని అడిగితే, ఒడ్డున కూర్చుని చిరిగిన వల అల్లుతున్న ఒకతను సమాధానం చెప్పలేదు, చేతిలోని వలలో ఒక మూల పట్టుకుని, ఇంతవరకు అన్నట్టు చూపించాడు.

ఇక్కడ కులపెద్దల మాటకు బలం ఎక్కువ. ఏ సహాయం వచ్చినా ఊరంతటికీ సమానంగా పంచాలన్నది వాళ్ళ కట్టుబాటు. దానిలో న్యాయం ఉంది, దాని వల్లనే ఈ పల్లెలో ఎవరూ పూర్తిగా ఆకలితో పడుకోలేదు. కాని వంతు లెక్క పడవల మీద, మగవాళ్ళ మీద నడుస్తుంది. భర్త సముద్రంలో పోయి, చేపలు ఎండబెట్టి అమ్ముకుని బతికే ఆడవాళ్ళకు అందులో చోటు లేదు. తుఫానుకు వాళ్ళ ఎండుచేపల గుట్టలు, తాటాకు పాకలు కొట్టుకుపోయాయి. అప్ప పెద్దలతో వాదించలేదు. ఆ ఆడవాళ్ళనే పిలిచి, ఎవరికి ఎన్ని బుట్టల సరుకు పోయిందో పెద్దల ముందే వాళ్ళ నోటితో చెప్పించింది. చివరికి వాళ్ళకు అర వంతు ఇవ్వడానికి పెద్దలు ఒప్పుకున్నారు. పూర్తి వంతు ఎందుకు కాదని నేను అడిగినప్పుడు, ఈ ఏడు అర వంతు వస్తే వచ్చే ఏడు వాళ్ళే పూర్తిది అడుగుతారని అప్ప చెప్పింది.

ఆ రాత్రి కార్తీక పౌర్ణమి. ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి చెరువులో వదిలారు. మమ్మల్ని పిలిచి అటుకులు, బెల్లం పెట్టారు.

మందస, నవంబరు 24, శనివారం

మందస చేరేసరికి మహేంద్రగిరి మబ్బుల్లోంచి బయటపడి కనిపించింది. మందసలో కోవా తినకుండా ఎవరూ వెళ్ళరంటారు. మేమూ తిన్నాము, తీపి తక్కువగా, పాల కమ్మదనంతో చాలా బాగుంది. అక్కడి నుంచి కొండ కిందికి ఆటో, ఆ తరువాత నడక.

కొండ వాలులో సవర గిరిజనుల జీడితోటలు ఉన్నాయి. నష్టం ఇక్కడా తక్కువేమీ కాదు, కాని జాబితాలో ఈ వాలు దాదాపు లేనట్టే. అడవి నరికి సాగు చేసుకునే పోడు భూమికి పట్టా లేనప్పుడు విస్తీర్ణం లేదు, విస్తీర్ణం లేనప్పుడు హెక్టారుకు ఇంత అన్న పరిహారం ఎవరికి రాయాలో రాసేవారికే తెలియదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద కొందరికి పట్టాలు వచ్చాయి, కొందరి అర్జీలు ఏళ్ళుగా పెండింగులో ఉన్నాయి. ఆ చట్టం కింద నియమాల్లో ఒక మంచి మాట ఉంది: అర్జీదారు కాని ఇతర పెద్దలు ఇచ్చిన వాఙ్మూలాన్ని రాతపూర్వకంగా నమోదు చేస్తే అది కూడా సాక్ష్యమే. పడిన జీడి చెట్టు మొదలు చుట్టుకొలత, అది ఎవరి తాత నాటినది అన్న పెద్దల మాట రెండూ కలిపి ఇప్పుడు రాసి పెడితే, తుఫాను పరిహారం రాకపోయినా రేపు పట్టాకు పనికి వస్తుంది. చెట్టు కుళ్ళిపోతే ఆ సాక్ష్యం కూడా పోతుంది కాబట్టి ఈ పని తొందరగా జరగాలి.

పెద్దలు సవరలో చెప్పారు. బడిలో చదువుకున్న ఒక అమ్మాయి దాన్ని తెలుగులో చెప్పింది, నేను రాశాను. రాసిన ప్రతి వాక్యాన్నీ ఆమె మళ్ళీ సవరలో వాళ్ళకు వినిపించి, వాళ్ళు తల ఊపాకే వేలిముద్ర వేయించింది. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉన్నప్పుడు సవర భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించాలని తాపత్రయపడ్డది ఈ కొండల జనం కోసమే. ఇన్నాళ్ళ తరువాత కూడా ఒక సవర పెద్ద తన చెట్టు గురించి తన భాషలో అర్జీ పెట్టుకునే ఏర్పాటు లేకపోవడం నాకు బాధ కలిగించింది.

కవిటి మండలం, నవంబరు 25, ఆదివారం

కవిటి పనసకు పేరు. తాతల నాటి పనస చెట్లు పడిపోయిన తొలి వారంలోనే కలప వ్యాపారులు దిగి, దారి ఖాళీ చేస్తామన్న మాట మీద మొద్దులను చాలా తక్కువ ధరకు ఎత్తుకుపోయారు. వీణలకు, ఇంటి గుమ్మాలకు పనికివచ్చే కలప అది. ఊరంతా కలిసి ఒక ధర పెట్టుకోగలిగే అవకాశం ఆ వారంలోనే ఉండేది. కాని ఆ వారంలో ఇక్కడికి వచ్చిన సంస్థలన్నీ, ఈ సంస్థతో సహా, అన్నం పొట్లాల పనిలో మునిగి ఉన్నాయి. ఇకముందు ఎక్కడ తుఫాను వచ్చినా, మొదటి వారంలోనే ‘చెట్టు అమ్మకండి, ఆగండి’ అని చెప్పే ఒక మనిషి ఊరికొకరు ఉండాలని అప్ప పట్టుదల.

ఈ ప్రయాణమంతటిలో నన్ను ఎక్కువగా కదిలించింది ఆ రోజు సాయంత్రపు సమావేశం. రామమందిరం ముందు చాపలు పరిచారు. మండల కార్యాలయం నుంచి తెచ్చిన జాబితాను ఊరి ఎదుట పైకి చదవడం ఆనాటి కార్యక్రమం. ఆ జాబితా తెచ్చుకోవడానికే సంస్థకు సమాచార హక్కు అర్జీ పెట్టవలసి వచ్చింది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. తెల్ల రేషను కార్డు ఉన్నవారికి అదీ అక్కర లేదు. ఈ సంగతి తెలిసినవారు ఆ ఊళ్ళో అంతకు ముందు ఎవరూ లేరు.

ఆదివారమైనా నమోదు చేసిన యువ ఉద్యోగి వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. రాకపోయినా అడిగేవారు లేరు, వచ్చినందుకు ఆయనను గౌరవించాలి. తనకు కొద్ది రోజుల్లో మూడు గ్రామాలు పూర్తి చెయ్యమని చెప్పారనీ, తోటల్లోకి దారి లేని చోట గట్టు మీద నుంచి చూసి రాయవలసి వచ్చిందనీ ఆయనే నిలబడి చెప్పాడు. ఆ మాటతో సభలో వేడి కొంత తగ్గింది.

ఇంటర్ చదివే అమ్మాయి మైకు లేకుండా గట్టిగా చదివింది: పేరు, సర్వే నంబరు, చెట్ల సంఖ్య. ఎనభై చెట్లున్న చోట నూట ఇరవై అని చదివినప్పుడు గోల లేచింది. అసలు తోటే లేని పేరు ఒకటి వచ్చింది. కూర్చున్నవారిలో కొందరు లేచి వెళ్ళిపోయారు. ఒక వీధి మొత్తం జాబితాలోకి రాలేదని తేలింది. ఆ వీధి ఆడవాళ్ళు లేచి నిలబడి తమ తోటల హద్దులు చెప్పసాగారు. రుజువేముందని ఎవరో అడిగితే, ఒకామె ఇంటికి వెళ్ళి కూతురి పెళ్ళి ఆల్బం తెచ్చింది. పందిట్లో పెళ్ళికూతురి వెనక, ఇంటి పెరట్లో, కొబ్బరి చెట్లు వరుసగా లెక్కపెట్టడానికి వీలుగా ఉన్నాయి. ఆ ఉద్యోగి ఆల్బం తీసుకుని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. ఆ తరువాత గంటసేపు ఇళ్ళలోంచి ఆల్బంలు వస్తూనే ఉన్నాయి.

ఎక్కువ రాయించుకున్నవారి మీద సంస్థ ఫిర్యాదు చెయ్యదు. తమ అర్జీలో వదిలేసిన పేర్లు చేర్చమని మాత్రమే అడుగుతుంది. దొంగ లెక్కను చూసి చూడనట్టు వదిలెయ్యడం ఎంతవరకు సబబని ఆ రాత్రి భోజనాల దగ్గర నేను అప్పతో చాలాసేపు వాదించాను. “ఆ పేరు నేను తీయిస్తే ఆ డబ్బు పేరు రాని ముసలమ్మకేమీ రాదు, పగ మాత్రం ఆవిడ గుమ్మంలోకి వస్తాది. మేం రేపూ ఈ ఊళ్ళోనే తిరగాల” అంది. ఆమె మాటలో అనుభవం ఉంది. అయినా జాబితాను పైకి చదవడంతో సరిపెట్టి, తప్పును తప్పని రాయకపోతే, వచ్చే తుఫానుకు అదే జరుగుతుందన్న నా భయం పోలేదు. దీని మీద మా ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదరలేదు.

శ్రీకాకుళం, నవంబరు 26, సోమవారం

సోమవారం కలెక్టరేటులో గ్రీవెన్స్, అంటే జనం అర్జీలు తీసుకునే రోజు. మూడు మండలాల నుంచి ఊరికి ఇద్దరు ముగ్గురు చొప్పున వచ్చారు. ఒక్కొక్కరికి రానుపోను బస్సు, జిరాక్సులు, పోయిన కూలి కలిపి 400 రూపాయలకు తక్కువ కాదు. మూడు చెట్ల పరిహారం కోసం వచ్చిన మనిషికి అది భారమే. అందుకని సంస్థ ఒక్కో ఊరి అర్జీలను ఒక్క కట్టగా కట్టి, ఊరంతా చందా వేసుకుని ప్రతినిధులను పంపేలా చేసింది. బల్ల ముందుకు వెళ్ళాక అప్ప రెండడుగులు వెనకే ఆగిపోయింది. వజ్రపుకొత్తూరు రైతు మొవ్వు ఎండిన ఆకును గుడ్డలో చుట్టి తెచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టి, తన ఇరవై రెండు చెట్ల సంగతి తన మాటల్లోనే చెప్పుకున్నాడు. అధికారి ఆకును చేత్తో పట్టుకుని చూసి, ఉద్యాన శాఖ నుంచి నివేదిక తెప్పిస్తామని అర్జీ మీద రాశారు. మొవ్వు పోయిన చెట్లకు రెండో నమోదు జరుగుతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. నంబరు వేసిన రసీదు మాత్రం చేతికి వచ్చింది.

బస్ స్టాండు పక్క హోటల్లో అందరూ కలిసి ఇడ్లీ తిన్నారు. రసీదులకు అక్కడే జిరాక్సులు తీయించి ఊరికి రెండేసి పంచారు, ఒకటి రామమందిరం గోడకు, ఒకటి అర్జీ రాసిన ఇంటికి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే ఏ నంబరుకు ఫోను చెయ్యాలో, ఎవరు చెయ్యాలో అక్కడే నిర్ణయించుకున్నారు. ఫోను చేసే బాధ్యత కవిటిలో జాబితా చదివిన అమ్మాయి తీసుకుంది.

కౌలు తోటలున్న పల్లె అడంగల్ నకళ్ళు నా సంచిలోనే ఇంటికి వచ్చాయి. అనుభవదారు గడిలో పట్టాదారు పేరే ఉన్న సర్వే నంబర్లను విడిగా తీసి, ఊరివాళ్ళు చెప్పిన కౌలుదార్ల పేర్లతో జతచేసి, డిసెంబరు మొదటి వారంలో జరిగే తరువాతి జాబితా చదివే సమావేశానికి ముందుగా అప్పకు పంపాలి. విశాఖపట్నంలోను, హైదరాబాదులోను ఉన్న ఉద్దానం వారు ఎవరైనా ఇది చదివితే, మీ ఊళ్ళో మీ తోట చేస్తున్న మనిషికి ఈ వారమే ఒకసారి ఫోను చెయ్యండి.